కోటిలింగాన్ని పిలిచినట్టు

ఢిల్లీ నుంచి దిగిన తిరుపాలమ్మ ఇంటికి పోలేదు. నేరుగా ఖాదర్ బాబా ఉండే దర్గాకు వచ్చింది. ఎంపీ అయినా, ఆ గడప దగ్గర చెప్పులు విడిచి నేల మీద కూర్చోవడం ఆమెకు చిన్ననాటి అలవాటు.

"ఏం తల్లీ, మొహం అట్లా వేలాడేశావు?"

"మైకు ఆపేశారు బాబా."

ప్రశ్నల గంట అయ్యాక సభ్యులు తమ జనం గోడు చెప్పుకోడానికి కాస్త సమయం ఇస్తారు. జీరో అవర్ అంటారు. చీటీల్లో పేరు రావాలి. వచ్చింది. లేచింది. దేశపు తీరం, మారుతున్న వాతావరణం, ఎక్కడో కరుగుతున్న మంచు, అన్నీ చెప్పింది. తెలుగు రానివాళ్ళు అనువాదం వినడానికి చెవులకు పెట్టుకునేవి ఉంటాయి. ఒక్కరూ వాటిని తాకలేదు. సముద్రం ఒడ్డున తన పల్లె కాకితిప్ప పేరు నాలుక మీదికి వచ్చేసరికి గంట మోగింది.

"ఆ మాటే ముందు చెప్పొచ్చుగా?"

"అంత పెద్ద సభలో ఒక పల్లె బావి గురించా? పంచాయితీ అనుకున్నావా అని నవ్వరూ?" ఆమె గొంతు తగ్గింది. "కాకితిప్ప కావమ్మకు మాటిచ్చాను బాబా. బావి ఉప్పు తేలింది. బిడ్డకు పాలు కాస్తే విరిగిపోతున్నాయి."

బాబా లేచి వంటింటి వైపు చూశాడు. చేపల పులుసు ఉడుకుతోంది.

"అన్నం వేళయింది. అందర్నీ పిలువు."

తిరుపాలమ్మ వసారాలో నిలబడి సభల్లో అలవాటైన గొంతు ఎత్తింది. "సోదర సోదరీమణులారా! భోజనాలకు దయచేయండి!"

ఎవరూ కదల్లేదు. పూలమొక్కలకు నీళ్ళు పోస్తున్న కోటిలింగం తలెత్తి చూసి, మళ్ళీ వంచాడు.

"ఉపన్యాసం నేర్చుకుంటోందిలే, పాపం," అందొక ముసలమ్మ.

బాబా గరిటెతో బయటికి వచ్చాడు.

"ఒరే కోటిలింగం! తలకాయ ముక్క నీకు తీసిపెట్టా, రారా!"

కోటిలింగం చెంబు విసిరేసి పరుగెత్తాడు. వాడి వెనక తోటంతా లేచింది.

"వాడికేనా? మరి మాకో?"

"పోయిన వారమూ వాడే తిన్నాడు బాబా, ఇదేం న్యాయం?"

క్షణంలో చాపలు నిండిపోయాయి. తిరుపాలమ్మ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది. బాబా మాత్రం పులుసు వడ్డించుకుంటూ పోయాడు.

ఢిల్లీలో మళ్ళీ చీటీల్లో పేరు వచ్చింది. లేచింది.

"అధ్యక్షా, మా కాకితిప్పలో కావమ్మ అని ఉంది. బిడ్డకు పాలు కాస్తే విరిగిపోతున్నాయి. సముద్రం ఆమె బావిలోకి వచ్చింది."

చేతులు చెవుల దగ్గరికి పోయాయి. కేరళ సభ్యుడు లేచాడు. "మాకూ అంతే!" ఒడిశా ఆవిడ లేచింది. గుజరాత్ పెద్దాయన బల్ల చరిచాడు. "మాదీ సముద్రమేనమ్మా!" ఇటువాళ్ళు, అటువాళ్ళు అని లేదు. గొంతు కలిపేవాళ్ళంతా పేర్లు పంపండని సభాపతి అంటూనే ఉన్నాడు, ఇంకా లేస్తూనే ఉన్నారు. బదులు చెప్పి తీరాలని లేకపోయినా మంత్రి లేచాడు. తీరం పల్లెలన్నిటికీ మంచినీళ్ళ సంగతి చూస్తానన్నాడు. ఈసారి గంట మోగిందో లేదో తిరుపాలమ్మకు గుర్తు లేదు.

కాకితిప్పకు గొట్టాలు రావడానికి ఏడాది పట్టింది. వచ్చాయి. ఆ మర్నాడే కావమ్మ, చంకలో బిడ్డ, నెత్తిన గిన్నెతో దర్గాకు వచ్చింది. తిరుపాలమ్మ వెంట ఉంది. గిన్నెలో పాల పాయసం. ఎక్కడా విరగలేదు.

బాబా వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

"అందర్నీ పిలువు తల్లీ."

తిరుపాలమ్మ వసారాలోకి వెళ్ళింది. తోటకేసి చూసింది.

"కోటిలింగం మామా..."

మాట పూర్తికాకముందే అడుగుల చప్పుడు వినిపించింది.