మూడు ముక్కల బొమ్మ

జర్మనీలో హాంబర్గ్ అనే రేవుపట్నంలో లోథార్ అనే అతను నాటకాలకు దుస్తులు రూపొందిస్తూ ఉండేవాడు. పని చూస్తే బంగారం, మనసు చూస్తే తన నీడను కూడా నమ్మేది కాదు.

వయసులో ఉన్నప్పుడు అతను గీసిన గౌను బొమ్మ ఒకదాన్ని ఎవడో నకలు తీసి వేరే నాటకశాలకు అమ్ముకున్నాడు. ఆనాటి నుంచి లోథార్ ఒక పద్ధతి పెట్టుకున్నాడు. గౌను బొమ్మ గీయగానే కత్తెరతో మూడు ముక్కలు చేసేవాడు. పై భాగం ఒక దర్జీకి, చేతులు ఇంకొకరికి, నడుము కింద పావడాలా పరుచుకునే ఘేరా మరొకరికి. మూడు గదులు, మూడు తాళాలు. ఒకరి పని ఒకరు చూడకూడదు. చివరికి అన్నీ తనే కలిపి కుట్టుకునేవాడు. నూలు బట్టతో ఆ పద్ధతి ఎలాగో నడిచిపోయింది.

ఒకసారి పేరున్న సినిమా దర్శకుడు ఒకాయన కబురు పెట్టాడు. "మీ కొత్త నాటకం మొదటి ఆటకు వస్తున్నాను. రాణి గౌను నచ్చిందా, నా సినిమాకు బట్టలన్నీ మీవే."

ఇరవై ఏళ్లుగా లోథార్ ఎదురుచూసిన కబురు అది. సంతోషం ఒక పూట ఉంది, అనుమానం ఆట రోజు దాకా ఉంది. ఎర్ర మఖమల్‌తో గౌను అనుకుని బొమ్మ గీశాడు. ఎప్పటిలాగే ముక్కలు చేశాడు.

ఘేరా కుట్టే ముసలి గెర్టా రెండో రోజే వచ్చింది.

"అయ్యగారూ, పై భాగం బొమ్మ ఒక్కసారి చూపిస్తారా?"

"నీకెందుకు?"

"ఇది మఖమల్ కదయ్యా, దీని..."

"మఖమల్ సంగతి నాకే నేర్పుతావా? ఎవరు పంపారు నిన్ను?"

గెర్టా ముఖం జేవురించింది. "సరే. కళ్లకు గంతలు కట్టి కుట్టమంటే అలాగే కుడతాను," అని వెళ్లిపోయింది. లోథార్ ఆ గదికి ఇంకో తాళం వేయించాడు.

లోథార్ కిటికీలు మూసుకుని, గుడ్డి దీపం దగ్గరే ముక్కలన్నీ కలిపి కుట్టాడు. గౌను తయారైంది. "ఒకసారి రంగస్థలం దీపాల కింద చూద్దామండీ," అన్నారు నాటకంవాళ్లు. "నకలు తీసుకోవడానికా? ఆట రోజే చూడండి," అన్నాడు లోథార్. నటికి కొలత సరిచూడటం కూడా ఆ గుడ్డి దీపం దగ్గరే కానిచ్చాడు.

ఆట రోజు తెర లేచింది. రాణి దీపాల వెలుగులోకి వచ్చింది. గౌను పైన దానిమ్మ గింజ రంగు, కింద వెలిసిపోయిన ఇటుక రంగు!

"రాణిగారు పనిమనిషి పావడా కట్టుకొచ్చారర్రా!" అని వెనక వరసలోంచి ఎవరో అరిచారు. హాలంతా గొల్లుమంది.

దర్శకుడు మధ్యలోనే లేచాడు. గుమ్మం దగ్గర లోథార్ ఆయన కాళ్లకు అడ్డం పడ్డంత పని చేశాడు. "అయ్యా, ఎవరో కావాలని బట్ట మార్చేశారు!"

"మారిస్తే కనిపెట్టడానికి దీపాల కింద ఒక్కసారైనా చూశారా?" అన్నాడు దర్శకుడు. తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు.

లోథార్ తెర వెనక్కి పరుగెత్తాడు. "బట్ట మార్చింది ఎవరు?"

అక్కడే ఉన్న గెర్టా గౌను మీద అరచేయి పెట్టి నిమిరింది. "బట్ట ఒక్కటేనయ్యా. మఖమల్ మీద ఉండే ఈ మెత్తటి నూగు పై భాగంలో మీదికి తిరిగి ఉంది, ఘేరాలో నేలకు వాలి ఉంది. అందుకే వెలుగులో రెండు రంగులు. నూగు ఎటు ఉండాలని ఆ రోజు నేను అడగబోయింది ఇదే."

"నూగు ఎటు ఉండాలో చూపిస్తూ బొమ్మ మీద బాణం గుర్తు వేశానే!"

"ఏ ముక్క మీద?"

లోథార్ బొమ్మ ముక్కలు తెచ్చి పక్కపక్కన పెట్టి చూశాడు. బాణం పై ముక్క మీదే ఉండిపోయింది. కత్తెర పట్టింది తనే.

సినిమా పని వేరొకరికి వెళ్లింది. మర్నాడు లోథార్ ఆ బొమ్మ మూడు ముక్కలనూ బంక పెట్టి అతికించి, అందరూ కుట్టే చోట గోడకు తగిలించాడు. తాళాలు తీసేశాడు. కానీ అతుకు గీతలు మాత్రం ఎంత రుద్దినా పోలేదు.

పిల్లలూ, తనతో పనిచేసే వాళ్లను నమ్మని వాడికి వేరే దొంగ అక్కర్లేదు. తన నష్టం తన చేత్తోనే చేసుకుంటాడు.