ఎవరి ముడి?

“గంగులూ, చాప చూడు.”

చుక్కాని దగ్గర నుంచి సరంగు ముత్యాలు తాత పిలిచాడు. పడవ అడుగున నీళ్లు తోడుతున్న నూకయ్య గుండెలో, ఎప్పటిలాగే, చిన్న ముల్లు దిగింది.

గాలే ఎద్దుగా పడవలు సాగిన రోజుల్లోని మాట ఇది. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, మడచెట్ల నడుమ ఒక రేవు ఉండేది. ఆ రేవులో ఒక చిన్న పడవ. ఆ పడవకి నిలువునా ఒకే కొయ్య, దానికి ఒకే తెరచాప. నడిపేవాళ్లు ముగ్గురు: సరంగు తాత, గంగులు, నూకయ్య. అవతలి లంకకి ఉప్పు తీసుకెళ్లి, ఇవతలికి కొబ్బరికాయలు తెచ్చేవారు.

ఆ తెరచాపంటే నూకయ్యకి ప్రాణం. తుమ్మబెరడు కాచిన నీళ్లలో ముంచి ముంచి తీసిన ఎర్రచాప అది. గాలి నిండితే సంజె మబ్బు దిగివచ్చి పడవనెక్కినట్టు ఉండేది. ఒడ్డున ఆరేసిన రోజున దాని నీడలో పడుకుని, ఆ బెరడు వాసన పీల్చుకుంటూ ఏవేవో కలలు కనేవాడు. కానీ దాన్ని ఎత్తే భాగ్యం, దించే భాగ్యం గంగులుది. నూకయ్యకి మిగిలింది నీళ్లు తోడే చిప్ప.

గంగులు వయసులో చిన్న, నిన్నగాక మొన్న వచ్చినవాడు. చెయ్యి మాత్రం చురుకు. చాప ఎత్తే మోకుని కొయ్య మొదట్లో జారుముడి వేసేవాడు. గాలి ముదిరితే ముడి తోక పట్టుకుని ఒక్క గుంజు గుంజేవాడు. ముడి వీడి, చాపని మోసే అడ్డవాసం కిందికి జారేది. అప్పుడు చాప అడుగుభాగాన్ని మడిచి, చాపకే కుట్టిన పొట్టి తాళ్లతో కట్టేసేవాడు. చిన్న గాలికి ఒక మడత. పెద్ద గాలికి రెండు. తుపాను గాలికి మూడు. మూడు మడతలూ పడ్డాక అంత చాపా తువ్వాలంతయ్యేది, పడవ ఒదిగి ఒదిగి ఒడ్డు చేరేది. గంగులు వేసిన మడత చీర కుచ్చిళ్లలా ఉంటుందని చేపలెండేసే ఆడవాళ్లు నవ్వుకునేవారు. ఆ నవ్వు విన్న రోజున నూకయ్యకి అన్నం సయించేది కాదు.

ఆ రేవులో ఒక ఆనవాయితీ ఉంది. పడవ కదిలే ముందు సరంగు ప్రతి ముడినీ చేత్తో తట్టి, ఎవరి ముడి అని అడుగుతాడు. వేసినవాడు నాది అనాలి. ఆ మాట అన్నాక, ఆ ముడి వల్ల మంచి జరిగినా చెడు జరిగినా అతనిదే. నూకయ్య నాది అనేది లంగరు తాడుకి, మంచినీళ్ల కుండ తాడుకి.

ఆ మధ్య తాతకి చూపు ఆనడం లేదు. వచ్చే పున్నమికి చుక్కాని ఒకరి చేతిలో పెడతానన్నాడు. ఇంకెవరి చేతిలో, చాప చూసే చేతిలోనే అని రేవంతా అనుకుంది.

ఇదిగో, ఈ రోజు లంక నుంచి తిరిగి వస్తున్నారు. పొద్దుట బయలుదేరేటప్పుడు తాత మోకు తట్టి అడిగాడు, గంగులు నాది అన్నాడు. ఇప్పుడు పిలిస్తే లేచి చాప చూసి, గాలి నెమ్మదిగానే ఉందని చెప్పి, వెనక్కి వెళ్లి చద్దన్నం మూట విప్పుకున్నాడు.

నూకయ్య కొయ్య మొదట్లోకి జరిగాడు. వాణ్ని ముంచాలని కాదు. తాత ముందు ఒక్కసారి తలదించుకుంటే చాలు. జారుముడి తోకని మెల్లగా ఆ ముడి చెవిలోంచే దూర్చి లాగాడు. పైన రెండు చుట్లు బిగించాడు. జారుముడి కాస్తా పీటముడి అయింది.

మొగ కనబడేసరికి దక్షిణాన ఆకాశం కాటుక పెట్టుకుంది.

ఒక మడత వెయ్యమన్నాడు తాత. గంగులు పరుగున వచ్చి గుంజాడు. ముడి రాలేదు.

రెండు మడతలన్నాడు తాత. అప్పటికే ఒక అల వచ్చి మోకుని తడిపేసింది. తడిసిన కొబ్బరిపీచు తాడు రాయిలా బిగిసింది.

గాలి మూడో మడత అడిగింది. పడవ ఒక పక్కకి ఒరిగి అంచు మీంచి నీళ్లు తాగింది. కొబ్బరికాయలు తేలాయి.

“ఎవరి ముడి అది?” అన్నాడు తాత.

గంగులు వంగి చూశాడు. తన చేతిపని కాదని తెలిసిపోయింది. తలెత్తి నూకయ్య కళ్లలోకి చూశాడు.

“నాదే తాతా,” అన్నాడు గంగులు. “పొద్దుట నాదన్నాను కదా.”

మోకు కోస్తే వాసం ఒక్కసారిగా పడి పడవ అడుగు పగులుతుంది. కొయ్య ఎక్కి చాపనే కోసెయ్యాలి. ముడి ఎవరిదైతే వాడే ఎక్కాలి. గంగులు కత్తి పళ్లతో కరిచి పట్టుకుని పాకసాగాడు. కొయ్య వాలి వాలి నీళ్లకేసి వంగుతోంది, అతని కాళ్లు రెండూ గాలిలో ఊగుతున్నాయి.

నూకయ్య చిప్ప పడవలోనే పడేసి ముడి మీద పడ్డాడు. ఏ చుట్టు తర్వాత ఏ చుట్టు వేశాడో అతని వేళ్లకే తెలుసు. గోళ్లు విరిగాయి. పళ్లతో లాగాడు. ముడి వీడింది. మోకుని చేత్తో బిగపట్టి కొంచెం కొంచెంగా వదిలితే వాసం మెల్లగా దిగింది, దాని వెంటే గంగులూ దిగాడు. ఇద్దరూ కలిసి మూడు మడతలూ వేశారు. పడవ ఒదిగింది, మొగ దాటింది.

ఒడ్డున రేవంతా పోగైంది. తాత గంగులుని దగ్గరికి పిలిచి, చాపకి పీటముడి వేసినవాడు మళ్లీ చాప ముట్టకూడదని తగ్గు గొంతుతో చెప్పాడు. గంగులు పడవలోకి వంగి చిప్ప తీసుకుని తిప్పి చూశాడు.

“దీనికి చిల్లుంది బావా,” అన్నాడు నవ్వుతూ. “ఇన్నాళ్లూ ఎలా తోడావు?”

తాత తడి మోకు తెచ్చి నూకయ్య చేతిలో పెట్టాడు.

“నూకయ్యా, ఇక చాప నీది. పున్నమికి చుక్కానీ నీదే. కట్టు.”

ఎన్నాళ్లుగానో వినాలని తపించిన పిలుపు. అది వేరెవరి పేరులాగో వినబడింది. నూకయ్య విరిగిన గోళ్లతో కొయ్యకి జారుముడి వేశాడు. ఆనవాయితీ ప్రకారం తాత దాన్ని తట్టాడు.

“ఎవరి ముడి?”

రేవంతా చెవి ఒగ్గింది.

“నాది తాతా,” అన్నాడు నూకయ్య. “ఇదొక్కటే కాదు, ఇందాకటి పీటముడీ నాదే. నువ్వు గంగులూ అని పిలిచినప్పుడల్లా నా కడుపులో పడుతూ వచ్చిన ముడి అది. వాడి చేతికి వేశాననుకున్నాను, మన ముగ్గురి మెడకీ వేశాను. అసూయతో వేసిన ముడికి జారే తోక ఉండదు తాతా, వేసినవాడు నోరు విప్పితేనే అది విడుతుంది.”