చిల్లుకాణీ అసలుదే

భీమశంకరం గారికి ఒక అలవాటుంది. ఎవరైనా నాణెం తెచ్చి బల్లమీద పెట్టి "ఇది అసలుదేనాండీ?" అని అడిగితే, ఆయన నాణెం వంక చూడరు. తెచ్చిన మనిషి మొహం వంక చూస్తారు. చూసి, "ఎక్కడిది ఇది?" అంటారు. అని, ముందు మంచినీళ్ళు ఇప్పిస్తారు. తొందరమీద వచ్చినవాళ్ళకు ఇది ఒళ్ళు మండించే అలవాటు. తాము వచ్చింది నాణెం చూపించుకోవడానికి గాని, వంశచరిత్ర చెప్పుకోవడానికి కాదు కదా అని వాళ్ళ బాధ.

మ్యూజియంలో నాణేల విభాగాన్ని చూసుకుని రిటైరయ్యాక ఆయన భీమిలిలో, సముద్రపు హోరు వినిపించే ఒక పాత మేడ కింది గదిలో నాణేల పరీక్ష కేంద్రం పెట్టుకున్నారు. దూరాభారం వాళ్ళు ఫోన్‌లో ఫొటోలు పంపి అడుగుతారు, దగ్గరివాళ్ళు మూట కట్టుకుని వస్తారు. ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన మందాకినికి చదువుంది, చూపుంది, భూతద్దం కింద పెట్టిన నాణెం గురించి తడుముకోకుండా చెప్పగల నేర్పుంది. ఓపిక ఒక్కటే ఇంకా రావలసి ఉంది. ఒకనాడు ఉండబట్టలేక అడిగేసింది.

"గురువుగారూ, నాణెం తన సంగతి తనే చెబుతుంది కదా. బరువు చెబుతుంది, అంచు చెబుతుంది, అచ్చు చెబుతుంది. అబద్ధాలాడేది మనుషులు. మరి మీరు ముందు మనిషిని ఎందుకు అడుగుతారు?"

భీమశంకరం గారు కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. ఏదో పెద్ద సమాధానం వస్తుందని ఆమె ఎదురుచూసింది. ఆయన మాత్రం బల్లమీది ఫోన్ ఆమె వైపు జరిపి, "రేపటి నుంచి ఇది నువ్వు చూసుకో. నీ పద్ధతిలోనే చూసుకో" అన్నారు. మందాకిని పొంగిపోయింది. తన వాదన నెగ్గిందనుకుంది పాపం.

నాలుగురోజులు బాగానే గడిచాయి. అడిగినదానికి జవాబు, జవాబుకు ధన్యవాదాలు, అంతటితో సరి. ఒక ఉదయం ఫోన్ మోగింది. అవతల ఒక ఆడమనిషి. ఏదో పెద్ద ఖాళీ గదిలోంచి మాట్లాడుతున్నట్టు గొంతు గోడలకు తగిలి తిరిగి వస్తోంది. వెనక ఎవరో చక్రాల బండిని ఈడ్చుకుపోతున్న చప్పుడు.

"అమ్మా, కాణీలు సూసీది మీరేనా?"

"అవునమ్మా, చెప్పండి."

"చిల్లుకాణీ ఒకటున్నాదమ్మా. అసలదా కాదా సెప్పాల."

మందాకినికి నవ్వొచ్చింది. నడుమ చిల్లు, ఒకపక్క కిరీటం, ఇంకోపక్క ఆకుల దండ ఉండే ఆ కాణీని మన ముసలమ్మలు పిల్లల మొలతాడుకు కట్టేవారు. పనికిమాలినవాణ్ణి చిల్లుకాణీకి కొరగాడని తిట్టే దేశంలో, ఆ కాణీకి దొంగ అచ్చు వేసేవాడెవడు? వేసినా, అది దొంగదేమోనని కంగారుపడి ఫోన్ చేసేవాళ్ళెవరు? ఈ ఆలోచన ఆమెకు వచ్చింది. వచ్చినదాన్ని కాస్త కూర్చోబెట్టి ఉంటే ఈ కథే ఉండేది కాదు. ఆమె నవ్వుకుని, ఫొటో పంపమంది.

ఫొటో వచ్చింది. తడిసిన ఎర్రని మొలతాడు చుట్టలో కాణీ. తాడు అంచును సగం కప్పేసింది.

"ఆ తాడు అడ్డొస్తోందమ్మా. తీసేసి మళ్ళీ ఫొటో పెట్టండి."

"తాడు సంగతే ఒక మాట..."

"తాడుతో పనిలేదమ్మా. కాణీ చాలు."

తర్వాత కాణీ ఒక్కటే, రెండు వైపులా, చక్కగా వచ్చింది. మందాకిని దాన్ని పెద్దది చేసి చూసింది. అక్షరాలు సరిగ్గా ఉన్నాయి, కిరీటం సరిగ్గా ఉంది, చిల్లు అంచు ఎలా అరగాలో అలాగే అరిగింది. తిరిగి ఫోన్ చేసి చెప్పింది.

"అసలుదేనమ్మా."

"ఖాయంగానా?"

"నూటికి నూరుపాళ్ళు."

మళ్ళీ ఆ చక్రాల బండి చప్పుడు, ఈసారి దగ్గరగా. "సరేనమ్మా. సల్లగుండండి" అని ఆమె పెట్టేసింది. మంచి కబురు విన్నవాళ్ళ గొంతు కాదది. మందాకినికి మనసులో ఏదో ముల్లులా గుచ్చుకుంది గాని, జవాబు సరైనదే కదా అని సర్దుకుంది. మధ్యాహ్నం గురువుగారికి చెబితే ఆయన "ఎవరావిడ?" అన్నారు. అడగలేదంది.

కొన్నాళ్ళు పోయాక, మిట్టమధ్యాహ్నం, మందాకిని తలెత్తి చూస్తే గుమ్మం బయట మెట్టుమీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. అడుగుల చప్పుడు కూడా ఆమెకు వినబడలేదు. ఎండకు ఒంటిమీద చర్మం పొరలుగా లేచిపోయింది, పెదవులు ఉప్పుకు పగిలాయి, కళ్ళు గుంటల్లోకి పోయాయి. లోపలికి రమ్మంటే తల అడ్డంగా ఊపాడు.

"వద్దమ్మా. ఈమజ్జ నాను గుమ్మాలు దాటడం నేదు."

గ్లాసుతో నీళ్ళిస్తే చేత్తో అందుకోలేదు. కింద పెట్టాక తీసుకుని, అటు తిరిగి తాగాడు. తర్వాత లుంగీ మడతలోంచి, మొలకు కట్టింది విప్పకుండానే, ఒక కాణీని మాత్రం రెండు వేళ్ళతో పైకి పట్టి చూపించాడు. చిల్లుకాణీ.

"ఇది అసలదో కాదో సెప్పండమ్మా."

ఆమె వంగి చూసింది. అసలుదే. అదే మాట చెప్పింది.

"మరి అదీ అసలదే అన్నారంట గదా" అన్నాడు. "నూటికి నూరు అన్నారంట."

అతని పేరు మైలపల్లి ఎల్లాజీ. వేటకు వెళ్ళిన పడవ ఇంజను చెడి కొట్టుకుపోయిందట. ఎవరో ఒడిశా వాళ్ళు ఒడ్డుకు చేర్చారట. ఒళ్ళు తెలియని జ్వరంలో అక్కడే ఆసుపత్రిలో పడి ఉండి, లేవగలిగాక ఊరికి బయలుదేరాడు. ఈలోపల ఇక్కడ సముద్రం ఒక శవాన్ని ఒడ్డుకు వేసింది. మొహం గుర్తుపట్టే స్థితిలో లేదు. మొలకు చిల్లుకాణీ ఉంది. ఎల్లాజీ మొలకూ చిల్లుకాణీ ఉండేదని ఊరందరికీ తెలుసు. అతని భార్య నూకరత్నం మాత్రం శవాల గదిలో నిలబడి ఒప్పుకోనంది. చివరికి ఎవరో ఈ ఫోన్ నంబరు ఇచ్చారు. అసలుదా అని ఆమె అడిగిందంటే, తన మొగుడిదేనా అని.

"మీరు అసలదే అన్నారు. మట్టి సేసీసారు" అన్నాడు ఎల్లాజీ.

ఆరోజు ఫోన్‌లో వినబడిన ఆ చక్రాల బండి ఏమిటో అప్పుడు తెలిసింది మందాకినికి.

"నాను ఊరికి సేరిన నాడే నా పెద్దకర్మ అమ్మా. నాకు తెల్దు. సముద్రం ఏపు నుంచి ఎనక దారిన ఒచ్చాను. గోడవార ఆకులో కూడెట్టున్నారు. నాకిష్టమని కోనం సేప పులుసు. కాకి ముట్టనేదంట, ముడతాదేమోనని అందరూ లోపల కాసుకోనున్నారు. ఆకలి మీదున్నాను, కూకోని తినీసాను. నా కూడు నానే తిన్నానమ్మా."

ఆకు చూడటానికి వచ్చిన నూకరత్నం అతన్ని చూసింది. అరవలేదు. వెనక్కి నడిచి తలుపు వేసుకుంది. అప్పటి నుంచీ తీయలేదు. ఊళ్ళో మగవాళ్ళు ముట్టుకుని చూసి మనిషేనన్నారు. ఆమె వినదు. అసలువాడు మట్టిలో ఉన్నాడు, కాణీ చూసినవాళ్ళు చెప్పారు, ఇది సముద్రం పంపినది, అంటుంది. పొద్దుటే ఆకులో అన్నం గోడవార పెట్టి, తలుపు వేసుకుని, కిటికీలోంచి చూస్తుంది. అతను రోజూ అదే తింటున్నాడు. దండ వేసిన తన ఫొటో ముందు దీపం వెలుగుతూ ఉంటే బయటి నుంచి చూస్తూ తింటున్నాడు.

"అది నకిలీదని ఒక కాయితం రాసియ్యండమ్మా. ఆవిడికి సూపిత్తాను."

మందాకిని తల అడ్డంగా ఊపింది. "అది నకిలీది కాదండీ. రెండూ అసలువే."

అతను చాలాసేపు ఆమెనే చూశాడు. కోపం లేదు ఆ చూపులో. అదే భయమేసింది ఆమెకు.

"రెండూ అసలవయితే, నానెవుర్నమ్మా?"

లోపలి గదిలోంచి భీమశంకరం గారు ఎప్పుడు వచ్చారో, ఆమె వెనకే నిలబడి ఉన్నారు. ఆయన కాణీ చూపించమనలేదు. "ఆ అమ్మాయికి ఫోన్ కలుపు" అన్నారు. "అప్పుడు అడగనిది అడుగు."

ఫోన్ కలిసింది. నూకరత్నం పలికింది. మందాకిని తానెవరో చెప్పి, నాలుక తడి చేసుకుని, "ఆరోజు తాడు గురించి ఏదో చెప్పబోయావు కదమ్మా. ఏమిటది?" అంది.

సముద్రపు హోరు, ఇంటి ముందుదీ ఫోన్‌లోదీ, ఒకదానిమీద ఒకటి వినిపిస్తోంది.

"ఎర్రతాడమ్మా" అంది నూకరత్నం చివరికి. "మా ఆయన ఎర్రది కట్టడు. నల్లది నానే పేనతాను, ముడీ నానే ఏస్తాను. సెప్పబోతే పనినేదన్నారు మీరు. సదూకున్నోళ్ళు అసలదే అన్నాక, నా కళ్ళే నన్ను మోసం సేసినాయనుకున్నాను."

మందాకిని గుమ్మం దాటి మెట్టుమీద అతని పక్కన కూర్చుంది. అడిగితే అతను లుంగీ మడత కాస్త కిందికి జరిపాడు. ఉప్పుకు బిరుసెక్కిన నల్లతాడు. పక్కపక్కనే రెండు ముళ్ళు. ఆమె చూసింది చూసినట్టు ఫోన్‌లో చెప్పింది.

అవతల ఏడుపు కాదు, గడియ తీసిన చప్పుడు వినిపించింది.

"తిన్నాడేటమ్మా?" అంది నూకరత్నం.

ఫోన్‌లోంచి ఆ మాట వినబడగానే ఎల్లాజీ లేచాడు. ఇసకలో దిగబడుతూ, ఒళ్ళు బరువు తెలుస్తున్న మనిషిలా నడిచిపోయాడు. అతను మలుపు తిరిగేదాకా మందాకిని మెట్టుమీదే ఉండిపోయింది.

"కాణీ అసలుదేనండీ గురువుగారూ" అంది చివరికి, కళ్ళు తుడుచుకుంటూ. "రెండోదీ."

"అసలుదే" అన్నారు భీమశంకరం గారు. ఆయన సముద్రం వైపు చూస్తున్నారు. "ఆ ఎర్రతాడు పేనిన మనిషి ఇంకా ఎవరికీ ఫోన్ చెయ్యలేదు."