కిందినుంచి రావలసిన మాట

చెంగల్రాయుడు గారు ఎముకల కట్టు కట్టేవారు. తన దగ్గరికి వచ్చినవాణ్ణి నొప్పెక్కడ అని మొదట అడిగేవారు కాదు, ఏం పని చేస్తావని అడిగేవారు. ఆ తరువాత రోగి చేతినో కాలినో తన రెండు అరచేతుల మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఊరికే కూర్చునేవారు. ఆ చెయ్యి తన బరువంతా ఆయన చేతుల్లో పడేసేదాకా కదిలేవారు కాదు. కొందరికి ఒక నిమిషం పట్టేది, కొందరికి పూటంతా పట్టేది. ముసలాయన కునుకు తీస్తున్నాడని వరండాలో వంతు కోసం కూర్చున్నవాళ్ళు చాటుగా నవ్వుకునేవారు. వాళ్ళలో నేనూ ఒకణ్ణి. మణికట్టు విరిగి ఆ ఇంటికి వెళ్ళినప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు, ఓపిక అన్నది బొత్తిగా లేదు.

ఆయన పోయిన చాలా ఏళ్ళకు మోకాలి నొప్పితో మళ్ళీ ఆ ఇంటికే వెళ్ళాను. శిష్యుడు మునిరత్నం పట్టు వేశాడు. కుడిచేతివాటం మనిషి, పనంతా ఎడమ చేత్తోనే చేస్తున్నాడు. అదేమిటని అడిగితే ఈ సంగతి చెప్పాడు. తనకు పరువు తెచ్చే కథ కాదు కాబట్టి నిజమే చెప్పి ఉంటాడని నా నమ్మకం.

ఇది జరిగేనాటికి మునిరత్నం గురువు దగ్గర చేరి ఆరేళ్ళయింది. విరిగిన ఎముకను పైనుంచి తడిమి ఎన్ని ముక్కలైందో చెప్పగలిగేవాడు. వెదురు బద్దలు పెట్టి అతను చుట్టిన గుడ్డ నలభై రోజులకూ జారేది కాదు. పనితో పాటు కాస్త గర్వమూ వచ్చింది. ఆ రోజుల్లోనే కదిరప్ప అని నలభై ఏళ్ళ మనిషి, భార్య సాలమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. కుడి భుజం చెవి దాకా ఎగబాకి ఉంది. మెడ ఆ పక్కకే లాగేసింది. చెయ్యి రొమ్ము ఎత్తు దాటి లేవదు. నాలుగేళ్ళుగా పగలల్లా నొప్పే. దెబ్బ తగిలిన గుర్తు లేదు, వాపు లేదు. పెద్దాసుపత్రిలో రెండుసార్లు ఎక్స్‌రే ఫోటో తీసి, ఎముకకు ఏమీ కాలేదని పంపేశారు.

వాళ్ళు నయం చేయమని కూడా గట్టిగా అడగలేదు. కదిరప్ప పనిచేసే ముఠాకు ఒక పెద్ద ఉన్నాడు. నాలుగేళ్ళు ఓర్చుకున్నాడు కానీ ఇక అతనికీ అనుమానం పుట్టింది. కట్టు కట్టే ఆయన నొప్పి నిజమేనంటే తేలిక పని ఇస్తాననీ, కాదంటే పాత పనిలోకి రావలసిందేననీ తేల్చి చెప్పాడు. ఆ పాత పని మాటెత్తితేనే కదిరప్ప ముఖం పాలిపోయేది. ఒక్కరు, పేరున్నవారు ఒక్కరు నమ్మితే చాలని ఆ మొగుడూ పెళ్ళాలు రెండు బస్సులు మారి వచ్చారు.

ఆ సాయంత్రం మునిరత్నం గురువును అడిగాడు. "ఫోటోలో ఏమీ లేదు, నా వేళ్ళకూ ఏమీ తగల్లేదు. తగలని దెబ్బకు నొప్పి ఎక్కణ్ణుంచి వస్తుందయ్యా? అది నిజం నొప్పేనా?"

పదిహేను రోజులు నువ్వే చూడు, ఆ తరువాత మాట్లాడుకుందాం అన్నారు గురువుగారు. తాను ఆ రోగిని ముట్టుకోలేదు, ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. శిష్యుడికి పాఠం చెప్పడానికి ఒక మనిషి బాధను ఇలా వాడుకోవచ్చా అని నాకు ఇప్పటికీ ఆయన మీద కోపమే. మునిరత్నానికి మాత్రం లేదు.

మునిరత్నం తనకు తెలిసినదంతా చేశాడు. నూనె రాసి మర్దన చేశాడు. వావిలాకు వేడి చేసి కాపడం పెట్టాడు. భుజం మీద మోకాలు ఆనించి చేతిని పైకి లాగాడు. లాగిన కొద్దీ కండ ఇంకా బిగుసుకునేది. అది తనతో పంతానికి దిగినట్టు అనిపించి మరింత గట్టిగా లాగేవాడు. కదిరప్ప పళ్ళు కరుచుకుని ఊరుకునేవాడు. వారం తిరిగేసరికి నొప్పి రెట్టింపయింది.

పదకొండో రోజు గురువుగారు, పక్క ఊళ్ళో తుంటి విరిగిన ముసలమ్మను చూడడానికి పొద్దున్నే వెళ్ళారు. మధ్యాహ్నం కదిరప్ప వరండాలో నులకమంచం మీద నిద్రపోయాడు. మునిరత్నం అటుగా వెళ్తూ ఆగిపోయాడు. భుజం కిందికి దిగి ఉంది. చెయ్యి మంచం మీదినుంచి మెత్తగా వేలాడుతోంది. మెల్లగా పట్టుకుని ఎత్తి చూశాడు. తల దాటి పైదాకా వెళ్ళింది. ఎక్కడా అడ్డం పడలేదు, నూనె రాసిన తలుపులా కదిలింది. అంతలో కదిరప్పకు మెలకువ వచ్చింది, చేతిలోని చెయ్యి ఒక్కసారిగా కట్టెలా బిగుసుకుపోయింది.

పదకొండు రోజుల విసుగు ఒక్క మాటలో బయటపడింది. వరండా నిండా రోగులున్నారు, సాలమ్మ తూము దగ్గర గిన్నె కడుగుతోంది. అందరూ వింటుండగా మునిరత్నం అన్నాడు: "నిద్రలో లేచే చెయ్యి మెలకువలో ఎందుకు లేవదు? ఇది నొప్పి కాదు, వేషం."

కూర్చున్నవాళ్ళలో ఒకడు కిసుక్కున నవ్వాడు. సాలమ్మ గిన్నె బోర్లించి, మూట కట్టి, మొగుడి చొక్కా అతని భుజాన వేసింది. ఇద్దరూ ఎండలో పడి వెళ్ళిపోయారు.

మూడు గంటలప్పుడు గురువుగారు తిరిగి వచ్చి ఖాళీ మంచం చూశారు. మునిరత్నం జరిగింది చెప్పాడు, కొంచెం గొప్పగానే చెప్పాడు. ఆయన చేతికర్ర గోడకు ఆనించి, నిలబడే అన్నారు: "కండకు సొంత బుద్ధి లేదురా. నరం బిగించమంటే బిగించుకుంటాది, వదలమంటే వదులుతాది. నిద్రలో ఆ నరం కాసేపు కాపలా మానింది. నువ్వు చూసింది అదీ." తరువాత, కదిరప్ప ఏం పని చేస్తాడని అడిగారు.

పదకొండు రోజులు మునిరత్నం ఆ భుజాన్ని తోమాడు కానీ ఆ ఒక్క మాట అడగలేదు. గురువుగారు రోడ్డు వైపు చెయ్యి చూపించారు. అతను చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు.

బస్సు ఇంకా రాలేదు. ఇద్దరూ మైలురాయి పక్కన మూట మీద కూర్చుని ఉన్నారు. మునిరత్నం తప్పయిందన్నాడు, వెనక్కి రమ్మన్నాడు, రొప్పుతూనే ఏం పని చేస్తావని కదిరప్పను అడిగాడు. అతను తల తిప్పుకున్నాడు. సాలమ్మే చెప్పింది.

వాళ్ళది బావుల్లో పూడిక తీసే ముఠా. ఎక్కడ పని దొరికితే అక్కడికి గుడారాలు మోసుకుపోతారు. ఒకడు నడుముకు మోకుతాడు కట్టుకుని బావిలోకి దిగుతాడు. గట్టు మీద ఒకడు ఆ మోకును భుజం మీదుగా వేసుకుని, కుడిచేత్తో కొంచెం కొంచెంగా వదులుతాడు. కిందివాడు అడుగుకు చేరి "వదులు" అని కేకేస్తేనే పైవాడు పట్టు సడలించాలి. బావి సొంతదారు చెప్పినా, ముఠా పెద్ద చెప్పినా సడలించకూడదు. చిన్నప్పుడే వాళ్ళకు నేర్పే మొదటి సంగతి అది. కదిరప్ప పదిహేనేళ్ళు మోకు పట్టాడు. నాలుగేళ్ళ కిందట తన తమ్ముడు ఓబులేసును దించుతున్నాడు. సగం దాటాక బావి గోడ విరిగి మీద పడింది. మట్టి కింద మనిషి ఉన్నాడో లేడో తెలియదు. మోకు మాత్రం బిగువుగానే ఉంది. జనం చేరారు, ఇక లాభం లేదు వదిలెయ్యమన్నారు. కదిరప్ప వదల్లేదు. కేక వినపడాలి కదా అన్నాడట. పొద్దు వాలేదాకా అట్లాగే నిలబడ్డాడు.

"కడాకు మోకును కొడవలితో కోసినారు సామీ," అంది సాలమ్మ. "ఈయన అయితే వదల్లేదు."

మునిరత్నం తెలివైనవాడే. విషయం అతనికి అక్కడే అర్థమైంది, అర్థం కాగానే మందు కూడా దొరికిందనుకున్నాడు. దుమ్ములో కదిరప్ప ముందు కూర్చుని ఆ భుజం మీద చెయ్యి వేసి, "అయిపోయింది కదిరప్పా, వదులు" అన్నాడు. రెండోసారి ఇంకా గట్టిగా అన్నాడు.

కదిరప్ప అతని వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేకపోవడమే తనకు మింగుడు పడలేదని మునిరత్నం నాతో అన్నాడు.

"నువ్వు పైనుంచి చెప్తే కాదు సామీ," అన్నాడు కదిరప్ప. "ఆ మాట కిందినుంచి రావాల."

బస్సు వచ్చింది. గురువుగారే స్వయంగా నొప్పి నిజమని చెబుతారని మునిరత్నం బతిమాలాడు. వేషమన్న మాట నలుగురి చెవిలో పడిందనీ, తమకంటే ముందే అది ముఠా చేరుతుందనీ సాలమ్మ అంది. ఇప్పుడేం చేస్తారని అడిగితే, ఏముంది, మోకు పట్టడమే అని చెప్పి ఎడమచేత్తో కడ్డీ పట్టుకుని కదిరప్ప ఎక్కాడు. ఇక మీద ఆ చెయ్యి మీద ఆధారపడి ఎవరో ఒకరు బావిలోకి దిగుతారు. బస్సు కనుమరుగయ్యాకే ఆ సంగతి మునిరత్నానికి తట్టింది. వాళ్ళ ముఠా ఇప్పుడు ఎక్కడ దిగి ఉందో కూడా అతను అడగలేదు.

గురువుగారు తిట్టలేదు. అంతా విని లోపలికి వెళ్ళిపోయారు. మునిరత్నం కనబడ్డవాళ్ళందరినీ ఆ ముఠా గురించి అడిగాడు. ఫలానా చోట ఉన్నారని ఎవరో అంటే సైకిలు మీద వెళ్ళేవాడు, అప్పటికే గుడారాలు ఎత్తేసి ఉండేవారు. రోడ్డు మలుపులో బస్సు హారన్ మోగితే కడుతున్న కట్టు చేతిలోనే ఆగిపోయేది. ఎక్కడో బావి కూలిందని వింటే ఆ రోజు అన్నం దిగేది కాదు. ఆ బావి గట్టున మోకు పట్టినవాడెవడో చెప్పేవాళ్ళే లేరు.

రెండు నెలలు గడిచేసరికి అతని కుడి భుజం పట్టేసింది. కొన్నాళ్ళు దాచాడు. ఎవరికీ చెప్పకుండా పట్నం వెళ్ళి ఫోటో తీయించుకున్నాడు. ఏమీ లేదన్నారు. చివరికి ఒక సాయంత్రం నూనె కుండను అటక మీద పెట్టబోయి చెయ్యి లేవక నిలబడిపోతే గురువుగారు చూశారు. దగ్గరికి పిలిచి, అదే నులకమంచం మీద కూర్చోబెట్టి, ఆ చేతిని తన అరచేతుల మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ఏం పని చేస్తావని అడగలేదు.

దీపాలు పెట్టే వేళ అయింది. ఆయన చేతుల మీద చెయ్యి ఉంది కానీ దాని బరువు లేదు.

"వదిలేశానయ్యా," అన్నాడు మునిరత్నం.

"నువ్వు వదిల్నావు. ఇది వదల్లేదు," అన్నారు గురువుగారు, కళ్ళు తెరవకుండానే. "ఎవరి మాట కోసం కాచుకోనుండాదో."