తిరుపాలు మళ్ళీ ఇంజన్ విప్పాడు

నాలుగు నెలలుగా తిరుపాలు ఇంజన్ జోలికి పోలేదు.

నంద్యాల ఊరి బయట ఖాజా మొహిద్దీన్ ఉస్తాద్ షెడ్డులో అతను పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాడు. బ్రేకులు చూసేవాడు, క్లచ్ ప్లేట్లు మార్చేవాడు. ఇంజన్ విప్పాల్సిన బండి వస్తే మాత్రం ఏదో పని కల్పించుకుని పక్కకు తప్పుకునేవాడు.

కారణం ఒక జీపు. ఒంటిచేత్తో ఇంజన్ విప్పి, కొత్త పిస్టన్ రింగులు వేసి, బిగించి పంపిన మొదటి బండి అది. రెండో రోజే ఘాట్ రోడ్డులో ఇంజన్ పట్టేసి బండి ఆగిపోయింది. పెళ్ళికి పోతున్న వాళ్ళు ముసలివాళ్ళతో సహా మూడు గంటలు ఎండలో నిలబడ్డారు. జీపును లాక్కొచ్చి ఉస్తాద్ విప్పి చూస్తే, ఆయిల్ పోయే దారిలో చేతులు తుడుచుకునే గుడ్డముక్క ఇరుక్కుని ఉంది.

ఉస్తాద్ దాన్ని తీసి పక్కన పెట్టాడు. ఇంజన్ మళ్ళీ కట్టి పంపాడు. తిరుపాలును ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే తిరుపాలును లోపల తొలిచేస్తూ ఉంది.

ఒక సోమవారం పొద్దున పశువుల డాక్టరమ్మ హెప్సిబా కారు తీసుకుని వచ్చింది. వాళ్ళ నాయన వాడిన పాత పెట్రోలు కారు అది. దాన్నేసుకునే ఆమె చుట్టుపక్కల పల్లెలన్నీ తిరుగుతుంది. వెనక సీటు తీసేసి మందుల పెట్టెలు పెట్టుకుంది. కారు ఆగింది గానీ వెనక నీలం పొగ ఆగలేదు.

"నెలకు మూడు లీటర్ల ఆయిల్ తాగుతా ఉంది తిరుపాలూ. నిన్న ఎత్తు ఎక్కలేకపోయింది. నేను నడిచిపోయేసరికి దూడ చనిపోయింది," అందామె.

తిరుపాలు బానెట్ ఎత్తి, రెండు నిమిషాలు చూసి దించేశాడు. "కొంచెం చిక్కటి ఆయిల్ పోద్దాం మేడం. ఇంకో ఆరు నెలలు లాగుతుంది."

ఆ మాట లోపల టీ తాగుతున్న ఉస్తాద్ చెవిన పడింది. గ్లాసు పట్టుకునే బయటికి వచ్చాడు.

"ఆరు నెలలని ఎవరు చెప్పినారు బేటా? ఇంజనా, నువ్వా?"

తిరుపాలు మళ్ళీ బానెట్ ఎత్తాడు.

"గేజ్ తీసుకురా."

నాలుగు ప్లగ్గులూ తీశారు. ఒక్కో సిలిండరులో ఒత్తిడి కొలిచే గేజ్ పెట్టి, సెల్ఫ్ కొట్టి చూశారు. నూట యాభై దగ్గర ఉండాల్సిన ముల్లు ఎనభై దాటలేదు. మూడో దాంట్లో డెబ్బై దగ్గరే నిలబడింది.

ఉస్తాద్ టీలో చక్కెర కలుపుకునే చెంచా కడిగి తెచ్చాడు. దాంతో కొలిచి, మూడో సిలిండరులో కొంచెం ఆయిల్ పోశాడు. "ఇప్పుడు కొట్టు."

ముల్లు నూట ఇరవై దాటింది.

"ఆయిల్ పోస్తే పెరిగిందంటే?" అడిగాడు ఉస్తాద్.

"వాల్వులు కాదు. రింగులు అరిగిపోయినాయి, ఆ సందును ఆయిల్ మూసింది." తిరుపాలు గేజ్ తీసేశాడు. "విప్పాల్సిందే."

డాక్టరమ్మ ఇద్దరి ముఖాలూ చూసింది. "అంత చేయించడం దండగేమో. అమ్మేసేదా?"

ఉస్తాద్ జవాబు చెప్పకుండా కారు కింద గోనెసంచి పరిచి, డెబ్బై ఏళ్ళ వయసులో వెల్లకిలా పడుకుని లోపలికి జరిగాడు. స్క్రూడ్రైవరుతో అక్కడక్కడా పొడిచి తుప్పు పట్టిందేమో చూశాడు. గేర్‌బాక్స్ దగ్గర చెయ్యి పెట్టి తడిమాడు. బయటికి వచ్చి దుమ్ము దులుపుకున్నాడు.

"ఒళ్ళు గట్టిగానే ఉందమ్మా. గుండె ఒక్కటే అలిసిపోయింది. ఇంకా ఎన్నేళ్ళు తిరగాలనుకుంటా ఉండావు దీంట్లో?"

"రిటైరయ్యేదాకా. ఏడేళ్ళు."

"అయితే చేయిద్దాం."

ఆమె సరేనంది. పల్లెలకు పోవడానికి తమ్ముడి స్కూటరు అడుగుతానని చెప్పి, మందుల పెట్టెలు దించుకుని ఆటోలో వెళ్ళింది.

ఆమె పోగానే తిరుపాలు అన్నాడు. "మీరు విప్పండి ఉస్తాద్. నేను సామాన్లు అందిస్తా."

"మంచిది," అన్నాడు ఉస్తాద్. "రేపు చూద్దాం. ఈ పూట కడుగు."

ఆ పూటంతా తిరుపాలు ఇంజన్ పైనున్న మట్టీ జిడ్డూ కిరసనాయిలుతో కడిగాడు. నీళ్ళూ ఆయిలూ దించాడు. బ్యాటరీ వైర్లు తీసేశాడు. ఏ వైరు ఎక్కడిదో సెల్‌ఫోన్లో ఫోటోలు తీసుకున్నాడు. నేల ఊడ్చి, నీళ్ళు చల్లి, మళ్ళీ ఊడ్చాడు. చివరికి ఒక పాత పంచెను ఎనిమిది ముక్కలుగా చించాడు. గోడ మీద బొగ్గుతో ఎనిమిది గీతలు గీశాడు. ఉస్తాద్ ఆ గీతల వైపు చూశాడు.

మరుసటి రోజు తిరుపాలు వచ్చేసరికి ఉస్తాద్ ముందే వచ్చి ఉన్నాడు. కారు పక్కన నేల మీద గొంతుకూర్చుని ఉన్నాడు. ముందు కిరసనాయిలు బేసిన్, చేతిలో బ్రష్షు. పనిలో చేరిన మొదటి రోజున తిరుపాలు కూర్చున్న చోటే అది.

"రండి ఉస్తాద్," అన్నాడు తిరుపాలుతో. "ఏ స్పానరు అందియ్యాల?"

తిరుపాలు అటూ ఇటూ చూశాడు. "అట్ల పిలవద్దండి. ఎవరన్నా వింటే నవ్వుతారు."

"నవ్వనీ. విప్పిన బోల్టులు యాడ పెట్టాలో చెప్పు."

తిరుపాలు ఒక అట్టముక్క తెచ్చి, దాని మీద ఇంజన్ పైమూతైన హెడ్ ఆకారం గీసి, పది చిల్లులు పొడిచాడు.

"ఏ బోల్టు ఆ చిల్లులోనే పెట్టాల," అన్నాడు. "కడిగినాక," అని కలిపాడు.

"అట్లే," అన్నాడు ఉస్తాద్.

తిరుపాలు మొదటి బోల్టు మీద స్పానరు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. ఉస్తాద్ బేసిన్ వైపే చూస్తూ బ్రష్షు తిప్పుతున్నాడు. బోల్టు కిర్రుమని కదిలింది. ఒక్కోటే కొంచెం కొంచెంగా వదులు చేస్తూ పోయాడు.

మధ్యాహ్నం హెడ్ లేచింది. సిలిండరు గోడ మీద వేలు పెడితే అరుగుదల గట్టు తగిలింది. అన్నీ కొలిచి కాగితం మీద రాసుకున్నాకనే తిరుపాలు కొత్త సామాన్ల జాబితా మొదలుపెట్టాడు.

అప్పుడు అడిగాడు. "జీపు పట్టేసిన రోజు నన్నెందుకు తిట్టలేదు ఉస్తాద్?"

ఉస్తాద్ ఒక బోల్టును వెలుతురుకు ఎత్తి మరలు చూసుకున్నాడు. "నిన్ను నువ్వే తిట్టుకుంటా ఉంటివి. ఒక మనిషిని ఇద్దరు తిట్టడం ఎందుకు?"

తిరుపాలు నవ్వాడు. నాలుగు నెలల తర్వాత ఆ షెడ్డులో అతను నవ్వడం అదే మొదటిసారి.

సిలిండర్ల బ్లాకు లేత్ షాపుకు పోయి, గోడలు నునుపు చేయించుకుని వచ్చింది. కొత్త పిస్టన్లు, రింగులు వచ్చాయి. తిరుపాలు అడిగిందల్లా ఉస్తాద్ కడిగి అందించాడు. అడగనిది చెప్పలేదు. ఒకసారి తిరుపాలు రింగు తలకిందులుగా పట్టుకున్నప్పుడు మాత్రం ఉస్తాద్ గట్టిగా దగ్గాడు. తిరుపాలు రింగు తిప్పి పట్టుకున్నాడు.

తొమ్మిదో రోజు ఇంజన్ అడుగు మూత బిగించే సమయం వచ్చింది. తిరుపాలు టార్చి వేసి లోపలంతా చూశాడు. గోడ మీది గీతలతో సరిచూస్తూ గుడ్డముక్కలు లెక్కపెట్టాడు. ఎనిమిదీ ఉన్నాయి. మళ్ళీ చూశాడు. మూడోసారీ చూశాడు. అప్పుడు టార్చి ఉస్తాద్ చేతికి ఇవ్వబోయాడు.

"మీరొక్కసారి చూడండి."

ఉస్తాద్ టార్చి తీసుకోలేదు. చేతులు కడుక్కుని, "నమాజుకు టైమైంది," అని వెళ్ళిపోయాడు.

తిరుపాలు ఒక్కడే నిలబడ్డాడు. నాలుగోసారి చూశాడు. మూత బిగించాడు.

పొద్దున డాక్టరమ్మ వచ్చి తాళం తిప్పింది. కారు మొదట తటపటాయించింది, కొంచెం పొగ వదిలింది, తర్వాత సర్దుకుని మెత్తగా పలికింది. పొగ తేలిపోయింది. మొదటి వెయ్యి కిలోమీటర్లు మెల్లగా నడపమని తిరుపాలు చెప్పాడు. ఆమె తలూపి, మందుల పెట్టెలు ఎక్కించుకుని, ఏదో పల్లెలో గేదె ఈనలేక అవస్థ పడుతోందని చెప్పి బయలుదేరింది.

కారు రోడ్డెక్కి మలుపు తిరిగేదాకా ఇద్దరూ గేటు దగ్గరే నిలబడి చూశారు.

"ఉస్తాద్, నిన్న లోపల ఒక్కసారైనా చూసుంటే బాగుండు. ఏదన్నా మిగిలిపోయి ఉంటే?"

"తొమ్మిది రోజులు నిన్ను చూస్తా ఉంటి," అన్నాడు ఉస్తాద్. "మళ్ళీ ఇంజన్ ఎందుకు చూడాల?"