ఈరక్క పడుకున్న గుంత

అనగా అనగా, మేఘం మొహం చాటేసిన కాలం. కొండ కింద గొర్రెలు కాసే కురవల గుడిసెలు. వాటిల్లో ఒకదాంట్లో ఈరక్క ఉండేది. ఆమెకు మొగుడున్నాడు, మరిది బీరన్న ఉన్నాడు, కాసిని గొర్రెలున్నాయి.

ఆ ఏడు మందలోకి దొమ్మరోగం వచ్చింది. పొద్దున మేసిన గొర్రె మధ్యాహ్నానికి దబ్బున పడేది. ముక్కులోంచి నల్లని నెత్తురు కారేది. దాన్ని కోసినవాడి చేతిమీద పొక్కు లేచేది. పొక్కు బొగ్గులా నల్లబడేది. మనిషి పోయేవాడు. ఈరక్క మొగుడు అట్లాగే పోయాడు.

అయినా ఆకలి ఊరుకుంటుందా?

ఈరక్క గొర్రె ఒకటి పడింది. గుంత తీసి పూడ్చింది. తెల్లారేసరికి గుంత ఖాళీ. ఎవరో తవ్వుకుపోయి వండుకున్నారు. ఆ ఇంట్లో తల్లీ బిడ్డా పోయారు.

ఇంకోటి పడింది. పూడ్చి, పైన తుమ్మకంప పరిచింది. కంప పక్కకు లాగి మరీ తవ్వుకుపోయారు. ఆ ఇంట్లో ఏడ్చేందుకు కూడా ఎవరూ మిగల్లేదు.

మూడోసారి పొట్టేలు పడింది. మందకు ముందు నడిచే పొట్టేలు. బీరన్న కత్తి పట్టుకుని వచ్చాడు.

"పక్కకు జరుగు వదినా. పిల్లోళ్ళు గంజినీళ్ళు చూసి ఎన్నాళ్ళయిందో తెలుసా?"

"తెలుసు మరిదీ. మీ అన్న ఎట్లా పోయినాడో నీకూ తెలుసు."

"బాగా ఉడకబెడితే ఏం కాదులే."

"ఉడికేది కుండలో. కోసేది చేతుల్తో కదా నాయనా!"

బీరన్న తల దించుకున్నాడు. కత్తి మాత్రం దించలేదు. ఈరక్క పొట్టేలుకు అడ్డంగా కూర్చుంది. చివరికి అతను వెళ్ళిపోయాడు.

పొట్టేల్ని ఆమే ఈడ్చింది. ఆమే తవ్వింది, ఆమే పూడ్చింది. పూడ్చి రాత్రీ పగలూ అక్కడే కాపలా కూర్చుంది. ఒళ్ళు కాగిపోతున్నా లేవలేదు. బీరన్న నీళ్ళు తెచ్చేసరికి ఆమె మణికట్టు మీద లేచిన పొక్కు బొగ్గయింది.

"బీరా, నేను పోయాక నన్ను ఇంటికి మోయొద్దు. ఇక్కడే, దీని మీదే పూడ్చండి."

"అదేం మాట వదినా! గొర్రె మీద మనిషినా?"

"గొర్రెనైతే తవ్వుతారు. నన్ను తవ్వుతారా?"

ఈరక్క పోయింది. బీరన్న చేతులకు గోనెగుడ్డ చుట్టుకున్నాడు. ఏడుస్తూనే ఆమె చెప్పినట్టు చేశాడు.

ఆ తర్వాతా ఆకలి ఉంది. ఆకలితో పోయినవాళ్ళూ ఉన్నారు. ఆ గుంతను మాత్రం ఎవరూ తాకలేదు.

ఇప్పటికీ అటువైపు మందలు తోలరు. గొర్రె దానంతట అదే పడి చస్తే కోయరు. లోతుగా పూడ్చి, మనిషికి పెట్టినట్టు తలకాడ రాయి పెడతారు. ఎవరైనా ఆశగా చూస్తే, "పైన ఈరక్క ఉంది" అంటారు.

చూసినోడు వెనక్కి తిరిగి ఇంటికి పోతాడు.