పొడుగు తోకల రెక్కనాగులు

అనగనగా, సముద్రాలు కూడా గడ్డకట్టే చోట ఒక రాజు ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఆ రాజ్యంలో పంటలు పండవు. తిండిగింజలన్నీ కొండ కనుమ దాటి అవతలి రాజ్యం నుంచి రావాలి. ఆ ఏడు మంచు రెండు నెలల ముందే కురిసి కనుమ మూసుకుపోయింది. గాదెల్లో నలభై రోజుల గింజలే మిగిలాయి.

"మూటలు మోస్తూ కనుమ దాటే రెక్కనాగు కావాలి" అన్నాడు రాజు.

రెక్కనాగంటే ఏమిటనుకున్నారు? మీరు డ్రాగన్ అంటారే, అదే. మట్టితో ఏ బొమ్మ చేసి తెచ్చినా ప్రాణం పొయ్యగలవాడు ఏడు సముద్రాల అవతల గుహలో ఒకడున్నాడు. కంకాళుడనే మాంత్రికుడు. వాడి ప్రాణం పంజరంలోని చిలకలో ఉంది. మాంత్రికుడన్నాక ఇంకెక్కడుంటుంది?

పెద్దవాడు నిప్పులు కక్కే నాగును మలిచాడు. గడ్డకట్టిన సముద్రాలే కదా, బొమ్మను ఈడ్చుకుంటూ నడిచే వెళ్ళాడు. చిలక మెడ పట్టుకుని, "ప్రాణం పోస్తావా, పిసికెయ్యనా?" అన్నాడు. కంకాళుడు పోశాడు. నాగు కనుమలోకి వెళ్ళి ఒక్క బుస కొట్టింది. ఆ వేడికి కొండ మీది మంచు మొత్తం జారి దాని నెత్తినే పడింది.

నడిపివాడు ఇనప పొలుసుల నాగును మలిచాడు. వాడూ చిలక మెడే పట్టుకున్నాడు. కంకాళుడు పోశాడు. ఇనుముకు చలి ఎక్కితే ఊరుకుంటుందా? నాగు కనుమ మధ్యలో నేలకు అతుక్కుపోయి చచ్చింది.

చిన్నవాడు కొమ్మన ముందు మట్టి ముట్టుకోలేదు. చలిలో బతికేవాళ్ళనే అడుగుదామని కనుమ దగ్గరికి పోయాడు.

"నక్కా నక్కా, నీకు చలెందుకు వెయ్యదు?"

"చెవులు చిన్నవి, తోక పెద్దది. పడుకునేటప్పుడు ముక్కు మీద కప్పుకుంటాను."

"మంచుకోడీ మంచుకోడీ, నువ్వు మంచులో దిగబడవెందుకు?"

"పాదాల నిండా ఈకలే, చూడు."

"జడలబర్రెమ్మా, నీ సంగతేమిటి?"

"ఎండాకాలం మేసిందంతా కొవ్వు చేసి ఒంట్లో దాచుకుంటాను. కానీ నాయనా, ఒంటరిగా మాత్రం ఉండను. గాలి కొట్టే వైపు వంతులవారీగా నిలబడతాం. ఒక్కదాన్నే అయితే ఒక్క రాత్రికి సరి."

కొమ్మన బుల్లిచెవుల నాగును మలిచాడు. పాదాలకు ఈకలు, వీపు మీద కొవ్వు మూపురం, చాలా పొడుగు తోక. అలాంటివి రెండు చేశాడు. చూసిన అన్నలు పగలబడి నవ్వారు.

కంకాళుడు మాత్రం నవ్వలేదు. "రెండా! నేను పోసేది నా చిలక ప్రాణంలోంచే బాబూ. మీ అన్నలకు ఇవ్వగా ఇంక రెండు పాళ్ళే మిగిలాయి. రెండూ ఇస్తే నేనుండను."

గాదెల్లో పది రోజుల గింజలున్నాయి. ఒక్క నాగును పంపితే అదీ చస్తుంది, జనమూ చస్తారు. చిలక చేతికందే దూరంలోనే ఉంది. కొమ్మన చేతులు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాడు.

"మెడ పట్టుకోవేం? అందరూ చేసేది అదేగా" అన్నాడు కంకాళుడు.

"నిన్ను చంపి తెచ్చిన గింజలు మావాళ్ళకు గొంతు దిగుతాయా తాతా?"

కంకాళుడు ఒక బొమ్మ తోక పట్టి చూశాడు. "ఈ తోకలెందుకింత పొడుగు?"

"పక్కదాని ముక్కు మీద కూడా కప్పాలని."

ముసలాయన మూడొందల ఏళ్ళుగా ఆ గుహలో ఒక్కడే పడుకుంటున్నాడు. చంపుతామని వచ్చినవాళ్ళే తప్ప, చలిగా ఉందా అని అడిగినవాడు లేడు. లేచి పంజరం తలుపు తనే తీశాడు. చిలక రెండు బొమ్మల మధ్య వాలింది. రెండు నాగులూ కళ్ళు తెరిచాయి.

ఆ దేశంలో చల్లగా ఉండమని దీవించరు, ఉన్న చలి చాలు. "వెచ్చగా ఉండు నాయనా" అని కంకాళుడు కన్నుమూశాడు.

కనుమలో నాగులు వంతులవారీగా గాలికి అడ్డం నడిచాయి. ఎనిమిదో రోజుకు గింజలు వచ్చాయి. అవతలి రాజకుమారి మధులిక ఆ మూటలు తన చేతులతో కట్టి పంపింది. కొమ్మన ఆమెను పెళ్ళాడి అరవై ఏళ్ళు రాజ్యం చేశాడు. నాగులు పిల్లలు పెట్టి గుంపయ్యాయి.

ఏటా తొలిమంచు పడగానే కొమ్మన ఏడు సముద్రాలూ నడిచి ఆ గుహకు వెళ్ళేవాడు. పిండాలు తనే వండి, తాతగారి పేరు చెప్పి నీళ్ళు వదిలేవాడు. రాజకుమారులు మాంత్రికుల్ని చంపిన కథలు బోలెడు విన్నారు కదా. మాంత్రికుడికి తద్దినం పెట్టిన రాజు మాత్రం ఆయనొక్కడే.